ఫ్లాష్ కొట్టిన రాత్రి

(హన్మకొండలో 30 ఏళ్లు పెళ్లిళ్ల ఫొటోలు తీసి, ఇప్పుడు అదే కెమెరా భుజాన వేసుకుని చెరువుల వెంట తిరుగుతున్న మా కాలమిస్టు ఈ నెల నాలుగు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మావారు దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్. జనవరిలో విజిట్ వీసా మీద నేనూ, ఐదో తరగతి చదివే మా బాబూ వెళ్తున్నాం. అక్కడ ఓ పెద్ద హోటల్‌లో దెబ్బతిన్న సముద్రపు తాబేళ్లకు వైద్యం చేస్తారని బాబు యూట్యూబ్‌లో చూశాడు. బుర్జ్ ఖలీఫా తర్వాత, ముందు తాబేళ్లే అంటున్నాడు. అంత పెద్ద హోటల్‌లోకి మాలాంటి వాళ్లను రానిస్తారా? ఫొటోలు బాగా రావాలంటే ఏం చేయాలి? నా దగ్గర ఫోన్, మావారి దగ్గర చిన్న కెమెరా ఉన్నాయి.
– ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: అమ్మా, మీ వాడి లెక్కే కరెక్టు. బిల్డింగ్ ఎక్కడికీ పోదు.

మీరు చెప్పేది జుమేరా హోటళ్ల వాళ్ల తాబేళ్ల ప్రాజెక్టు. 2004లో మొదలైంది. తెరచాప ఆకారంలో ఉండే బుర్జ్ అల్ అరబ్ హోటల్, దాని పక్కనే ఉన్న జుమేరా అల్ నసీమ్ కలిసి, దుబాయ్ వన్యప్రాణి రక్షణ విభాగంతో పాటు నడుపుతున్నాయి. ఇప్పటిదాకా 2 వేలకు పైగా తాబేళ్లను బాగుచేసి సముద్రంలో వదిలారు. జబ్బు ఎక్కువగా ఉన్నవాటిని మొదట తొట్టెల్లో ఉంచుతారు. కోలుకున్నవాటిని అల్ నసీమ్ దగ్గర సముద్రపు నీళ్లు నింపిన మడుగులోకి మారుస్తారు. మీరు చూడగలిగేది ఆ మడుగునే. పెద్ద హోటల్ కదా అని జంకకండి. ముందురోజు మీవారిని ఒక ఫోన్ చేసి ఏ టైముకు రావచ్చో కనుక్కోమనండి, చాలు. ఆ ఊళ్లో ఇన్ని దీపాలు వెలిగేది ఆయనలాంటి వాళ్ల చేతుల మీదే. తలెత్తుకుని వెళ్లండి.

జనవరి అన్నారు, మంచి నెల. తాబేళ్లు వైద్యానికి ఎక్కువగా వచ్చేది చలికాలంలోనే. ఆ సముద్రం లోతు తక్కువ, అందుకే చలికాలం నీళ్లు త్వరగా చల్లబడతాయి. తాబేలు ఒంట్లో మనకున్నట్టు సొంత వేడి ఉండదు, నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే అదీ అంతే. చల్లబడ్డాక ఈదే ఓపిక పోతుంది, తిండి మానేస్తుంది, ఊరికే తేలుతుంటుంది. అలా తేలేదాని డిప్ప మీద గుల్లపురుగులు, నాచు పేరుకుంటాయి. బరువెక్కి ఇంకా నీరసిస్తుంది. చివరికి అలలు తెచ్చి ఒడ్డున పడేస్తాయి. అలా వచ్చేవాటిలో ఎక్కువ హాక్స్‌బిల్ అనే జాతి పిల్లలు, ముక్కు అచ్చం గద్ద ముక్కులా ఉంటుంది. కొన్నింటి కడుపులో ప్లాస్టిక్ కూడా దొరుకుతుంది.

మీ బాబుకు ఒక సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. మన చెరువు తాబేలు భయమేస్తే తలా కాళ్లూ లోపలికి లాక్కుంటుంది. సముద్రపు తాబేలుకు ఆ వీలు లేదు. కాళ్ల చోట తెడ్లలాంటివి ఉంటాయి, తల ఎప్పుడూ బయటే. దాక్కునే చోటు లేని జీవి అది. అందుకే ముట్టుకోనిస్తారా అని అడగొద్దనండి.

ఇక ఫొటో. ఫ్లాష్ ఆపేయండి. ఫోన్‌లో 'ఆటో' అని ఉంటే అది తనంతట తనే కొట్టేస్తుంది, సెట్టింగ్స్‌లోకి పోయి పూర్తిగా ఆఫ్ చేయండి. వేరే ఎక్కడైనా గాజు తొట్టి కనపడితే లెన్స్‌ను గాజుకు ఆనించి పట్టుకోండి, నల్ల చున్నీ ఉంటే చుట్టూ కప్పండి. అప్పుడు మీ ముఖమూ, వెనక ట్యూబులైటూ ఫొటోలో పడవు. మడుగు దగ్గర సమస్య వేరు, నీళ్ల మీద ఎండ తళుక్కుమంటుంది. మధ్యాహ్నం కాకుండా పొద్దున లేదా నాలుగు దాటాక వెళ్లి, సూర్యుడు మీకు ఒక పక్కగా ఉండేలా నిలబడండి. మీవారి కెమెరాకు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్ అద్దం) బిగించుకునే వీలుంటే, దాన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. ఒకచోటికి రాగానే నీళ్ల మీది మెరుపు తెర తీసేసినట్టు పోయి అడుగున ఉన్న తాబేలు కనపడుతుంది. నల్లద్దాలు ఏవైనా ఫోన్ ముందు పెడితే పని జరగదు, పోలరాయిడ్ కళ్లద్దాలైతే కొంత జరుగుతుంది.

తాబేలు వెంట కెమెరా తిప్పకండి. దానికి ఊపిరి కావాలి, అదే పైకి వస్తుంది. పైకి వచ్చేముందు తెడ్లు ఒకసారి గట్టిగా ఊపుతుంది. ముందు తల పైభాగం తేలుతుంది, తర్వాత ముక్కు రంధ్రాలు, అప్పుడు 'ఫూ' అని ఒక నిట్టూర్పు. సరిగ్గా మా అమ్మ వంటింట్లోంచి వచ్చి అరుగు మీద కూలబడ్డప్పుడు వదిలేదే. ఆ చప్పుడు వినపడ్డ క్షణంలో నొక్కండి. ఒక గంటలో ఒక ఫొటో కుదిరినా గొప్పే.

ఫ్లాష్ విషయం ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను కొట్టాను కాబట్టి.

1997 ఫిబ్రవరి. వరంగల్ అమ్మాయి, విశాఖ అబ్బాయి పెళ్లి. అప్పగింతలు అయ్యేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. నేనూ, లైటు పట్టుకునే కుర్రాడూ నిద్ర పట్టక భీమిలి రోడ్డు పక్కన ఇసుకలో నడుస్తున్నాం. వల సర్దుకుంటున్న ఒక జాలరి పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "ఇటు రా, కదలకు" అన్నాడు. పదడుగుల దూరంలో బోర్లించిన బాణలిలా ఒక తాబేలు. తెడ్లతో ఇసుక ఎగజిమ్ముతూ గుంట తీస్తోంది. రోలులో తొమ్మిది ఫ్రేములు మిగిలున్నాయి. నేను అప్పటికి పన్నెండేళ్లుగా పెళ్లికూతుళ్ల ముఖాన ఫ్లాష్ కొడుతున్నవాణ్ణి, చీకట్లో ఇంకేం చేయాలో నాకు తెలియదు. కొట్టాను.

తాబేలు ఆగిపోయింది. ఒక నిమిషం అలాగే ఉంది. తర్వాత తిరిగి, గుడ్లు పెట్టకుండానే, వచ్చిన దారికి పక్కగా ఇంకో దారి గీసుకుంటూ సముద్రంలోకి వెళ్లిపోయింది. పెద్దాయన తిట్టలేదు. "పెట్టడం మొదలయ్యేదాకా ఆగాలి బాబూ" అని బీడీ ముట్టించుకున్నాడు. ప్రింటు చూస్తే డిప్ప వెనక భాగం, దాని మీద ఇసుక, మిగతాదంతా నలుపు. ఆ ప్రింటు ఇంకా నా సొరుగులోనే ఉంది, ఎవరికీ చూపించను.

దుబాయ్ దాకా పోలేని పాఠకులకు: మనకు విశాఖ ఉంది. వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కోటి దాదాపు వంద. కుక్కలు, నక్కలు తినకుండా అటవీశాఖ వాళ్లు, జాలర్లు తెల్లవారుజామునే వాటిని ఏరి కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. పిల్లలను సముద్రంలోకి వదిలే రోజు మిమ్మల్ని గీత ఇవతల నిలబెడతారు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ ఇసుకకు జానెడు ఎత్తులో పట్టుకోండి. పైనుంచి తీస్తే బొత్తాల్లా కనపడతాయి, కింది నుంచి తీస్తే ఒక్కొక్కదానికీ ఒక ముఖం ఉంటుంది. టార్చ్, ఫ్లాష్ ఇక్కడ మరీ వద్దు. అవి ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పాకుతాయి. రాత్రిపూట నేలకన్నా సముద్రం పైన ఆకాశం తెల్లగా ఉంటుంది, వాటికి దారి చూపేది అదే. మీ లైటు చూస్తే రోడ్డు మీదికి వస్తాయి.

ప్రశ్న: సార్, మాది పాకాల దగ్గరే. నా దగ్గర కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్స్ ఒక్కటే ఉంది. పిట్ట చుక్కలా పడుతోంది. పెద్ద లెన్స్ లేనిదే వైల్డ్‌లైఫ్ ఫొటోలు రావా? ఇంట్లో అడుగుదామంటే టెన్షన్.
– డిగ్రీ విద్యార్థి, నర్సంపేట

జవాబు: ఇంట్లో అడగకు తమ్మీ. లక్షన్నర పెట్టి లెన్స్ కొని, నాలుగు నెలలకు సగం ధరకు అమ్మినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. మూడు లెన్సులూ నా దగ్గరికే వచ్చాయి, ఒకటి కొన్నాను. అది వేరే సంగతి.

చిన్న లెన్స్‌తో పిట్టను కాదు, పిట్ట ఉన్న చోటును తీయి. పాకాల చెరువు గణపతిదేవుడి కాలంలో 1213లో కట్టింది. చుట్టూ గుట్టలు, అడవి. ఎనిమిది వందల ఏళ్ల కట్ట మీద నిలబడి, ఆ నీళ్ల మధ్య ఎండు కొమ్మ మీద రెక్కలు ఆరేసుకుంటున్న నీటికాకి చుక్కలా పడితే పడనీ. నీటికాకి రెక్కలకు బాతు రెక్కల్లా నీళ్లు అంటకుండా ఉండే గుణం తక్కువ. అందుకే మునిగి లేచిన ప్రతిసారీ దండెం మీద చొక్కాలా ఆరబెట్టుకుంటుంది. మబ్బు పట్టిన పొద్దున అదొక్కటే నల్లగా, మిగతాదంతా బూడిద రంగు. ఆ ఫొటోకు పెద్ద లెన్స్ ఉంటే పాడైపోతుంది.

ఇంకొకటి చెప్తాను. వానాకాలం మొదలయ్యాక ఏదైనా వ్యవసాయ బావి మీదికి వంగిన ఈతచెట్టు వెతుక్కో. గిజిగాళ్లు గూళ్లు అల్లుతుంటాయి. అల్లేది మగదే. సగం అల్లాక, అంటే గూడు చూడ్డానికి హెల్మెట్‌లా ఉన్నప్పుడు, దానికి వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ కేకలేస్తుంది. ఆడది వచ్చి లోపలికీ బయటికీ తిరిగి, ముక్కుతో పోచలు లాగి చూస్తుంది. నచ్చితే మగది మిగతా సగం అల్లుతుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే మొండిగా వేలాడుతుంది. నేను 30 ఏళ్లు పెళ్లిచూపులు కవర్ చేశాను, ఇంత నిక్కచ్చిగా చూసే పిల్లను చూడలేదు. బావికి ఇటు గట్టు మీద తలకు తువ్వాలు కప్పుకుని అరగంట కదలకుండా కూర్చుంటే అవి నిన్ను మర్చిపోతాయి. నీ లెన్స్‌కు ఆ దూరం సరిపోతుంది. అడ్డం వచ్చిందని కొమ్మ మాత్రం విరవకు. ఆ ఆకు గూటికి నీడ.

అడవి లోపలికి మాత్రం అటవీశాఖ వాళ్లను అడక్కుండా పోవద్దు. ఫొటో కోసం కాదు, గుడ్డెలుగు కోసం చెప్తున్నా.

ప్రశ్న: దసరా రోజు మా కాలనీకి ఒకతను పాలపిట్టను పంజరంలో పెట్టుకుని వచ్చాడు. చూసినందుకు ఇరవై రూపాయలు, సెల్ఫీకి యాభై. నేను కూడా దిగాను. ఇంటికి వచ్చాక మనసు బాగాలేదు. పండగపూట పాలపిట్టను చూడాలి కదా, మరి ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, హుజూరాబాద్

జవాబు: మాస్టారూ, మనసు బాగాలేదన్నారు కాబట్టి ఇంకేమీ అనను. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం, పైగా అది మన రాష్ట్ర పక్షి. ఆ పంజరాల్లో వాటికి ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు, కొన్నిసార్లు ఈకలు అంటిస్తారు కూడా. సాయంత్రం వదిలేశామంటారు గానీ అలాంటిది ఎగిరేదెక్కడ?

పాలపిట్ట కనపడటం కష్టమేమీ కాదు. దసరా నాటికి మక్క చేన్లు కోసేసి ఉంటాయి. మీ ఊరి నుంచి ఏ పల్లె రోడ్డు మీద పోయినా కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుంది. బండి ఆపి, స్టాండ్ వేయకుండా, బండి మీదే కూర్చుని చూడండి. దిగితే ఎగిరిపోతుంది, మనిషి ఆకారం కనపడనంతసేపు దానికి బండి కూడా ఒక బర్రెలాంటిదే. కూర్చున్నప్పుడు మట్టిరంగులో చాలా మామూలుగా ఉంటుంది, మొదటిసారి చూసినవాళ్లు ఇదేనా అంటారు. కిందికి మిడతను చూసి దూకినప్పుడు రెక్క విప్పుతుంది. అప్పుడు చూడాలి ఆ నీలం. పట్టుకున్నాక చాలాసార్లు మళ్లీ అదే తీగకు వస్తుంది. కాబట్టి పిట్ట వెంట పరిగెత్తకుండా తీగ మీద ఆ చోటుకే ఫోకస్ పెట్టి ఉంచండి. షట్టర్ స్పీడు 2000 (సెకనులో రెండు వేలవ వంతు) దగ్గర పెట్టండి.

వచ్చే దసరాకు మీ క్లాసు పిల్లల్ని పొద్దున్నే చేన్ల వైపు తీసుకెళ్లండి. ఆ పంజరం మనిషి మళ్లీ వస్తే అటవీశాఖకు ఫోన్ చేయండి.

ప్రశ్న: నాట్లప్పుడు మా నాన్నకు పొలంలో తాబేలు దొరికింది. బకెట్‌లో నల్లా నీళ్లు పోసి పెట్టాం. అన్నం తినడం లేదు. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని నానమ్మ వదలనివ్వడం లేదు. దాని ఫొటో పంపుతున్నాను, బాగుందా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, భూపాలపల్లి

జవాబు: ఫొటో బాగుంది బిడ్డా. బకెట్ అంచు మీద దాని గోళ్ల గీతలు పడ్డాయి, నువ్వు చూశావా? రాత్రంతా ఎక్కడానికి చూసింది.

అది మెత్తటి డిప్ప తాబేలు. చేపపిల్లలు, నత్తలు, పురుగులు తింటుంది, అన్నం దాని తిండి కాదు. ఎండాకాలం చెరువెండితే బురదలో దూరి వానల దాకా పడుంటుంది, వానలు పడగానే పొలాల్లోకి వస్తుంది. ఇంట్లో ఉంచుకోవడం చట్టం ఒప్పుకోదు. చుక్కల డిప్ప నక్షత్ర తాబేలైనా అంతే, కలిసొస్తుందని దాన్ని డబ్బులిచ్చి కొనేవాళ్లు ఎక్కువ కాబట్టే అది అడవుల్లో తగ్గిపోయింది.

నానమ్మకు నా మాటగా చెప్పు: కూర్మావతారం పాలసముద్రంలో ఉంది గానీ బకెట్‌లో లేదని. సాయంత్రం ఎండ తగ్గాక నాన్నతో వెళ్లి దొరికిన మడికి దగ్గర్లోని చెరువు ఒడ్డున, నీళ్లకు రెండడుగుల ఇవతల వదిలేయండి. నీళ్లలోకి విసరొద్దు. వదిలాక నువ్వు వెనక్కి జరిగి నేల మీద బోర్లా పడుకుని ఫోన్ సిద్ధంగా పెట్టుకో. కొంతసేపు రాయిలా ఉంటుంది. తర్వాత మెడ చాపుతుంది, నువ్వు అనుకున్న దానికన్నా చాలా పొడుగు. ఆ ఫొటో పంపించు.