ఎలక్ట్రాన్ల పాఠం నాకు మా బర్రె చెప్పింది

"కణం లోపలి మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు చేతులు మారితే శక్తి ఎలా పుడుతుంది? అందులో ఆక్సిజన్ పనేమిటి?" అని అడిగారు. పుస్తకంలో ఉన్నది మీరూ చదివే ఉంటారు. నేను మా బర్రె సంగతి చెప్తాను.

మాది కర్నూలు జిల్లాలో ఒక మెట్ట ఊరు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవి అది. జొన్న కోసేశాక చేలో మిగిలిన కొయ్యకాళ్లకు ఒక్క వాన తగిలితే చాలు, పచ్చగా పిలకలు లేస్తాయి. దాన్నే మేం నాము అంటాం. చూడ్డానికి నవనవలాడుతుంది, కడుపునిండా తిన్న పశువు మాత్రం ఇల్లు చేరదు. ఆ రోజు బర్రెనూ దాని దుడ్డెనూ మేపుకొచ్చే పని నాది. నేనేమో వేపచెట్టు కింద రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటూ కూర్చున్నా.

తలెత్తి చూసేసరికి రెండూ పక్కవాళ్ల చేలో ఉన్నాయి. పావుగంటలో దుడ్డె తూలి పడింది. నోట్లో నురగ, ఒకటే ఎగశ్వాస. బర్రె నిలబడే ఉంది కానీ కాళ్లు వణుకుతున్నాయి. "నాము తగిలిందిరా" అని అవ్వ నెత్తి బాదుకుంది. నాయన సైకిలేసుకుని పశువుల డాక్టర్ కోసం పోయాడు. ఆయన వచ్చేసరికి దుడ్డె అయిపోయింది.

డాక్టర్ బర్రె మెడనరానికి సూది గుచ్చితే రక్తం చిమ్మింది. నరంలో రక్తం మామూలుగా నల్లెరుపుగా ఉంటుంది. ఇది పారాణిలా మెరుస్తోంది. "రక్తం ఇంత బాగుంది కదా సార్, మరి ఊపిరాడనట్టు ఎందుకు కొట్టుకుంటోంది?" అన్నాను. "రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉందిరా అబ్బాయ్. ఒంట్లో దాన్ని వాడుకునేవాడే లేడు" అన్నాడాయన.

ఆ మాట రెండేళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. ఇంటర్ బైపీసీలో మా లెక్చరర్ "మైటోకాండ్రియా కణ శక్త్యాగారం, రాసుకోండి" అని ముందుకెళ్లిపోయాడు. ఈ శక్త్యాగారం అనే మాటంత పనికిమాలిన మాట జీవశాస్త్రంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. రెండు మార్కులు వస్తాయి, బుర్రలోకి ఏమీ రాదు.

మీరు స్లాబ్ వేయడం చూసే ఉంటారు. కింద నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి కంకర బాండ్లీ చేతులు మార్చుకుంటారు. మైటోకాండ్రియా లోపలి పొరలో అలాంటి వరసే ఉంది, మనుషులకు బదులు కాంప్లెక్సులనే నాలుగు ప్రోటీన్ గుంపులు. తిండిలోంచి పిండిన ఎలక్ట్రాన్లను ఎన్ఏడీహెచ్ అనే అణువు తెచ్చి మొదటి కాంప్లెక్స్ చేతిలో పెడుతుంది. అక్కడి నుంచి చేతులు మారుతూ నాలుగో కాంప్లెక్స్ దాకా వస్తాయి. చేయి మారినప్పుడల్లా ఎలక్ట్రాన్ కొంత శక్తి వదులుకుంటుంది. ఆ శక్తితో ఒకటి, మూడు, నాలుగు కాంప్లెక్సులు ప్రోటాన్లను పొర అవతలికి తోస్తాయి. రెండోది తోయదు, అది వేరే దారిలో వచ్చే ఎలక్ట్రాన్లను అందించి ఊరుకుంటుంది. చిట్టచివర బాండ్లీ అందుకుని కుమ్మరించేవాడు ఆక్సిజన్. ఎలక్ట్రాన్లనూ ప్రోటాన్లనూ తీసుకుని నీళ్లయిపోతుంది. మన ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో చాలాభాగం ఖర్చయ్యేది ఇక్కడే.

జొన్న పిలకలో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలి మింగితే అందులోంచి సైనైడ్ ఊడొస్తుంది. అది పోయి నాలుగో కాంప్లెక్స్‌లోని ఇనుమును పట్టుకుంటుంది. అంటే పైన బాండ్లీ అందించాల్సిన మనిషి చేతులు కట్టేసినట్టే. కిందివాళ్లంతా బాండ్లీలు పట్టుకుని అలాగే నిలబడిపోతారు. ఆక్సిజన్ పక్కనే ఉంటుంది, దాని చేతికిచ్చేవాడు ఉండడు. అందుకే వాడకుండా మిగిలిన ఆక్సిజన్‌తో ఆ రక్తం అంత ఎర్రగా ఉంది.

మరి శక్తి ఎక్కడ అంటారా? తోసేసిన ప్రోటాన్లు వెనక్కి రావాలంటే ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్ గుండా రావాలి. శ్రీశైలంలో నీళ్లు టర్బైన్ తిప్పినట్టు అవి దాన్ని తిప్పుతాయి, కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి సరుకు ఏటీపీ తయారవుతుంది. పోలిక కోసం అనడం లేదు, నిజంగానే తిరుగుతుంది. 1997లో జపాన్ వాళ్లు దానికి సన్నని పోగు అతికించి, అది తిరగడం మైక్రోస్కోపులో చూపించారు. ఈ ప్రోటాన్ల సంగతి 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెప్తే చాలామంది నమ్మలేదు. 1978లో అదే మాటకు నోబెల్ ఇచ్చారు. అసలు ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడనుకోండి. రెండేళ్ల బైపీసీలో మాకు ఒక్కరూ ఆయన పేరెత్తలేదు. ఒక గ్లూకోజ్‌కు 38 ఏటీపీలని మాత్రం వందసార్లు వల్లె వేయించారు. ఇప్పుడేమో అది 30, 32 అంటున్నారు.

బర్రె బతికింది. డాక్టర్ ఎక్కించిన మొదటి మందు నైట్రైట్. అది రక్తంలోని ఇనుమును కొంత మారిస్తే, ఆ మారిన ఇనుము సైనైడ్‌ను కాంప్లెక్స్ నుంచి తనవైపు లాక్కుంటుంది. రెండోది హైపో. అది గంధకం అందిస్తే సైనైడ్ థయోసైనేట్‌గా మారి మూత్రంలో పోతుంది. ఫోటో స్టూడియోలో ఫిల్ములు కడిగే ఉప్పు కూడా ఇదేనని డాక్టర్ చెప్పడంతో, నాయన మర్నాడే ఆదోనికి పోయి ఒక స్టూడియోవాణ్ని బతిమాలి పొట్లం తెచ్చాడు. కొట్టంలో దూలానికి వేలాడదీశాడు. అది సూదిమందు కాదు, ఇంట్లో ఎవరికీ ఎక్కించడం రాదు అంటే వినేవాడు కాదు. చెమ్మకు కరిగిపోయినప్పుడల్లా కొత్తది తెచ్చేవాడు. చివరికి ఫిల్ము కెమెరాలు పోయి, ఆ స్టూడియోలో జిరాక్స్ మిషన్ పెట్టాక మానేశాడు.