చేప రక్తకణంలోనూ మన స్పెక్ట్రినేనా?

కావలిలో బీఎస్సీ చదువుతున్న ఒకరు అడిగారు: కణాస్థిపంజరం (కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్ల చట్రం) కణపొరకు ఎలా అతుక్కుంటుంది, అన్ని జీవుల్లోనూ ఒకేలా ఉంటుందా అని.

చాలావరకు నేరుగా అతుక్కోదు, మధ్యవర్తులు కావాలి. మన ఎర్ర రక్తకణమే తీసుకోండి. పొర అడుగున స్పెక్ట్రిన్ అనే పొడవాటి ప్రోటీన్ వలలా పరుచుకుని ఉంటుంది. యాంకిరిన్ అనే ప్రోటీన్ ఒకవైపు ఆ స్పెక్ట్రిన్‌నూ, ఇంకోవైపు పొరలో దిగి ఉన్న బ్యాండ్ 3 అనే ప్రోటీన్‌నూ పట్టుకుంటుంది. వల ముడులు పడేచోట యాక్టిన్ అనే ప్రోటీన్ పొట్టి తంతువులుంటాయి. అక్కడ ప్రోటీన్ 4.1 వలను పొరలోని మరో ప్రోటీన్ గ్లైకోఫోరిన్ సీకి కలుపుతుంది. పరీక్షలో ఈ బొమ్మ ఒక్కటి సరిగ్గా వేస్తే సగం జవాబు రాసినట్టే.

ఈ వల సాగుతుంది. అందుకే 7-8 మైక్రాన్ల కణం 3 మైక్రాన్ల సందులోంచి కూడా దూరిపోతుంది. యాంకిరిన్ లోపిస్తే పొర కొద్దికొద్దిగా ఊడిపోయి కణం బంతిలా మారుతుంది, ప్లీహంలో ఇరుక్కుని నశిస్తుంది. పుట్టుకతో వచ్చే ఒక రకం రక్తహీనతకు కారణం ఇదే.

ఇక పరిణామం. నెల్లూరు చెరువుల్లో పెంచే శీలావతి చేప రక్తం ఒక చుక్క స్లైడ్ మీద పలుచగా పూసి, రంగు వేసి చూడండి. కణాలు కోలగా, మధ్యలో కేంద్రకంతో కనిపిస్తాయి. చేపల ఎర్రకణాల్లో స్పెక్ట్రిన్‌తోపాటు అంచు చుట్టూ మైక్రోట్యూబ్యూల్ (సన్నని ప్రోటీన్ గొట్టాల) పట్టీ కూడా ఉంటుంది, మనకది లేదు. క్షీరదాల్లో ఆల్ఫా స్పెక్ట్రిన్ జన్యువు రెండుగా నకలై, ఒకటి ప్రధానంగా ఎర్రకణాల పనికే కుదురుకుంది. జంతువులకు దగ్గరి ఏకకణ బంధువులైన కోయానోఫ్లాజెల్లేట్లలోనూ స్పెక్ట్రిన్ ఉంది, అంటే రక్తమనేదే లేని రోజుల నుంచీ ఉన్న ప్రోటీన్ ఇది.