అబ్దుల్ ఖాదర్: పేరు ఒకటే, మాటలు మూడు

ప్రశ్న: మా ఆఫీసులో అబ్దుల్ ఖాదర్ గారు అనే సహోద్యోగి ఉన్నారు. జీతాల రికార్డులో ‘అబ్దుల్’ పేరుగా, ‘ఖాదర్’ ఇంటిపేరుగా నమోదు కావడంతో అందరం ఆయనను అబ్దుల్ అనే పిలుస్తున్నాం. అది సగం పేరేనని ఆయన ఈమధ్య నవ్వుతూ అన్నారు. ఈ పేరుకు అర్థం ఏమిటి? కడపలో ఉంటున్న ఆయన అన్నల పేర్లు గౌస్, దస్తగిరి. ఈ పేర్లకు ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఆయన అన్నమాట నిజమే. అరబ్బీలో ‘అబ్ద్’ అంటే దాసుడు, ‘అల్’ తర్వాతి పదానికి ముందు చేరే ఉపపదం, ‘ఖాదిర్’ అంటే శక్తిమంతుడు. అల్లాహ్‌కు చెప్పే 99 నామాలలో అల్ ఖాదిర్ ఒకటి కాబట్టి, మూడూ కలిస్తే ‘సర్వశక్తిమంతుని దాసుడు’ అవుతుంది. రామదాసు గారిని దాసు అని పిలిస్తే ఒక మాటైనా పూర్తవుతుంది. ‘అబ్దుల్’ దగ్గర ఆగితే అదీ కాదు, ఉపపదం గాలిలో వేలాడుతుంది.

మరి ‘ఖాదర్’ అని మాత్రమే పిలవవచ్చా? దైవనామాన్ని మనిషికి విడిగా వాడకూడదని పట్టింపు ఉన్నవారు ఒప్పుకోరు. అయితే అరబ్బీలో ‘ఖాదిర్’ అనేది ఏదైనా పని చేయగల సమర్థుడికి కూడా వాడే మామూలు మాటే. మన ఊళ్లలో ‘ఖాదర్ భాయ్’ అన్న పిలుపు వినని వీధి అరుదు. మీ సహోద్యోగినే అడగడం మేలు. ‘ఖాదర్ గారు’ అంటే ఆయన అభ్యంతరం చెప్పకపోవచ్చు.

ఇక ఉచ్చారణ. మూలంలోని ‘ఖాఫ్’ అక్షరం గొంతు లోపలి నుంచి పలికే కకారం. దక్కనీ ఉర్దూ దానిని ‘ఖ’గా మార్చింది, తెలుగు రాత దానినే అనుసరించింది. తమిళ లిపిలో క, ఖలకు ఒకే అక్షరం ఉన్నందున మీ నగరంలో ‘కాదర్’ అన్న పలుకుబడే ఎక్కువగా వినిపిస్తుంది. రంజాన్‌లోని షబే ఖదర్ రాత్రి పేరులో ఉన్నదీ ఈ ధాతువే. శక్తితో పాటు పరిమాణం, విధి అన్న అర్థాలు కూడా దానికి ఉన్నాయి.

మీ రెండో ప్రశ్న మరింత ఆసక్తికరమైనది. ఈ పేరు ఇంతగా వ్యాపించడానికి ముఖ్య కారణం కాస్పియన్ సముద్రం దక్షిణాన ఉన్న గీలాన్ ప్రాంతంలో పుట్టి, 1166లో బాగ్దాదులో మరణించిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీ. ఖాదిరీ సూఫీ మార్గానికి మూలపురుషుడు ఆయనే. గ్యార్మీ పండుగ ఆయన స్మారకంగానే జరుగుతుంది. భక్తులు ఆయనకిచ్చిన బిరుదులు అనేకం కాలక్రమంలో పిల్లల పేర్లయ్యాయి: ‘ఆదుకునేవాడు’ అనే అర్థంలో గౌస్, ‘ధర్మానికి ప్రాణం పోసేవాడు’ అనే అర్థంలో మొహిద్దీన్, పుట్టిన సీమను బట్టి జిలానీ. దస్తగిరి మాత్రం అరబ్బీ కాదు. ‘చేయి పట్టుకునేవాడు’ అనే పారసీ మాట. అంటే మీ సహోద్యోగి ఇంట అన్నదమ్ములు ముగ్గురికీ ఒకే మహనీయుని పేర్లు పెట్టారన్నమాట. రాయలసీమలో దర్గాకు మొక్కుకుని కన్న బిడ్డలకు దస్తగిరి, దస్తగిరమ్మ అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు కూడా ఉన్నాయి.