విమానం ఎక్కకుండా లండన్: డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?

ప్రశ్న: విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. వయసు 64. పెన్షన్ నెలకు 46 వేలు, ఇల్లు సొంతం. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షలు వేసి రెండేళ్లు దాటింది. ఎఫ్‌డీలు 16 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 2 లక్షలు ఉన్నాయి. అమ్మాయి లండన్‌లో ఉంటుంది. నా భార్యకు విమానమంటే ప్రాణభయం. అందుకే ముంబయి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ, యూరప్‌లో మళ్లీ రైలు అనుకుంటున్నాం. ఇద్దరికీ ఒక వైపు 18 రోజుల క్రూయిజ్‌కు ఏజెంట్ ఆరున్నర లక్షలు చెబుతున్నాడు. స్కీమ్ డబ్బు తీసేయమంటారా? కార్గో ఓడలో చవగ్గా వెళ్లే వీలుందా?

సమాధానం: ముందు కార్గో సంగతి. 12 మందికి మించి ప్రయాణికులుంటే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది ప్యాసింజర్ షిప్ కిందికి వస్తుంది. అందుకే కార్గో ఓడల్లో ఉండేవే నాలుగైదు క్యాబిన్లు. కోవిడ్ తర్వాత చాలా కంపెనీలు వాటినీ ఆపేశాయి. దొరికినా చవక కాదు, పైగా వయసు, ఫిట్‌నెస్ షరతులుంటాయి. ఆ ఆలోచన వదిలేయండి. పాకిస్తాన్ మీదుగా రైలు దారీ లేదు, సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019లోనే ఆగిపోయింది. మిగిలింది మీ ఏజెంట్ చెప్పిన క్రూయిజే.

అయితే ఈ ప్రయాణంలో అసలు ఇబ్బంది టికెట్ ధర కాదు, తేదీలు. యూరప్ వైపు తరలిపోయే క్రూయిజ్ ఓడలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఇటు తిరిగొస్తాయి. అంటే మీరు దాదాపు ఆరు నెలలు అక్కడే ఉండాలి. బ్రిటన్ విజిటర్ వీసా సాధారణంగా ఆరు నెలలే కాబట్టి లెక్క సరిగ్గా సరిపోతుంది కానీ, వారం కూడా మిగలదు. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. బార్సిలోనాలోనో జెనోవాలోనో దిగి, పారిస్ మీదుగా యూరోస్టార్ రైల్లో లండన్ చేరడానికి అది చాలు. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఆ దేశాల మీదుగానే రావాలి కదా, అందుకని అక్టోబరు దాకా చెల్లే మల్టిపుల్ ఎంట్రీ (ఒకటికి మించి సార్లు వెళ్లనిచ్చే) వీసా ఇక్కడే అడగండి. అది చేతికి రాకముందు తిరుగు ఓడకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఇక ఆరున్నర లక్షలంటే ఆరున్నరతో ఆగదు. పెద్ద ఓడల్లో టిప్పుల పేరుతో మనిషికి రోజుకు 15 నుంచి 20 డాలర్లు బిల్లులో కలుపుతారు. ఇద్దరికీ 18 రోజులకు అదే అర లక్షకు అటూఇటూ అవుతుంది. పోర్టు పన్నులు ధరలో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. టీసీఎస్ (టూర్ అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే పన్ను) గురించి మాత్రం టెన్షన్ పడొద్దు. విదేశీ టూర్ ప్యాకేజీల మీద ఇదివరకు 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 బడ్జెట్‌లో దాన్ని 2 శాతానికి తగ్గించారు. ఆరున్నర లక్షలకు 13 వేలు, అదీ రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది.

స్కీమ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇప్పుడు మూసేస్తే 1 శాతం కోత, అంటే 30 వేలు. దానికంటే పెద్ద నష్టం, 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి వచ్చే 61,500 ఆగిపోవడం. మీ ఇంటి ఖర్చు పెన్షన్‌తో గడుస్తుంటే ఆ వడ్డీనే ప్రయాణ నిధి చేయండి. ఏడాదిన్నరలో 3.69 లక్షలు పోగవుతుంది (పన్ను దీంట్లోంచే కట్టాలనుకోండి). అందుకే నా మాట: వచ్చే ఏప్రిల్ వద్దు, ఆపై ఏప్రిల్‌కు వెళ్లండి.

తిరుగు ఓడ టికెట్ అమ్మాయిని కొననివ్వండి. కూతురి డబ్బు తీసుకోవడం నామోషీ అనిపించవచ్చు. కానీ ఆమె అక్కడే పౌండ్లలో కడితే మీకు టీసీఎస్ ఉండదు, కార్డు మీద పడే మార్పిడి రుసుమూ ఉండదు. కూతురిచ్చిన దాని మీద మీకు ఆదాయపు పన్నూ లేదు. అంతగా మనసొప్పకపోతే తిరిగొచ్చాక వడ్డీ డబ్బుతో తీర్చేయండి. ఆరు నెలల పెన్షన్ కూడా ఇక్కడ ఖాతాలో పడుతూనే ఉంటుంది.

అప్పుడు మీ వంతు నా అంచనాలో ఇలా ఉంటుంది. వెళ్లే ఓడ, రెండు వైపులా టిప్పులు కలిపి 7.6 లక్షలు. యూరప్ రైళ్లు, బసకు రెండు లక్షలు. వీసాలు, బీమాకు లక్షన్నర, చేతి ఖర్చుకు లక్ష. వీటికి తోడు ముట్టుకోని 3 లక్షలు విడిగా ఉండాలి. మొత్తం 15.1 లక్షలు. వడ్డీ, సేవింగ్స్ పోను ఎఫ్‌డీల నుంచి తీయాల్సింది పదిలోపే. కనీసం 6 లక్షలు ఇక్కడే మిగులుతాయి.

ఆ 3 లక్షలు ఎందుకంటారా? 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, కొన్ని క్రూయిజ్‌లు రద్దయ్యాయి. కంపెనీ తన టికెట్ డబ్బు వెనక్కిస్తుంది కానీ మీ రైలు, హోటల్ డబ్బివ్వదు. ఇంకో మాట, మీ ఆవిడ నన్ను తిట్టుకున్నా సరే: ముందు డాక్టరుతో మాట్లాడి, హైదరాబాద్‌కు గంట విమానం ఒకసారి ప్రయత్నించమనండి. ఆ భయం సగం తగ్గినా ఇంత పెద్ద నిధి అవసరం ఉండదు.

బీమా విషయంలో పొదుపు చేయొద్దు. పోర్టు ఆసుపత్రి సదుపాయం ఓడ మీద పనికిరాదు. లండన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రిలో చేరితే విజిటర్లకు మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు లెక్కన బిల్లు వేస్తారు. షెంగెన్‌కు కనీసం 30 వేల యూరోల కవర్ ఉండాలి. పాలసీలో ఓడ ప్రయాణం వర్తిస్తుందా, బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు కలిశాయా అన్నది చదివి సంతకం పెట్టండి.

అడ్వాన్స్ కట్టేముందు ఇద్దరూ మీ పోర్టు నుంచే అండమాన్ ఓడ ఎక్కి రండి. దాదాపు 56 గంటల ప్రయాణం. సముద్రం పడుతుందో లేదో ఆ ఓడే చెబుతుంది, ఖర్చు వేలల్లోనే. తేదీలు చాలా ముందుగా ప్రకటించరు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

తిరిగొచ్చేసరికి నవంబరైతే లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖ గుర్తింపుతో పంపవచ్చేమో పోర్టు పెన్షన్ విభాగంలో ఇప్పుడే కనుక్కోండి. ఓడ టికెట్ మిగతా సొమ్ము సాధారణంగా బయల్దేరడానికి రెండు, మూడు నెలల ముందే కట్టాలి. కాబట్టి ఎఫ్‌డీలు రెన్యూవల్‌కు వచ్చినప్పుడు, వాడబోయే పది లక్షలను మాత్రం విడదీసి, ప్రయాణానికి ముందు డిసెంబరులో మెచ్యూరయ్యేలా వేయమని బ్యాంకులో చెప్పండి.