చీపురు దాటే పెళ్ళికి వెళ్ళాలా?

ప్రశ్న: మా అమ్మాయి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో ఉద్యోగం చేస్తోంది. అక్కడి అబ్బాయిని చేసుకుంటానంటే ఒప్పుకున్నాం. ఇప్పుడు అతను పేగన్ అనే మతం వాడనీ, పెళ్ళి వాళ్ళ పద్ధతిలోనే అనీ చెబుతోంది. ఆరుబయట చేతులకు తాళ్ళు కట్టి, చివర్లో ఇద్దరూ చీపురు మీదుగా దూకుతారట. ఆ పెళ్ళి ఒక ఏడాదీ, ఆపైన ఒక్క రోజు వరకే చెల్లుతుందని మా మరిది నెట్‌లో చూసి చెప్పాడు. క్షుద్రపూజల పెళ్ళికి రానని మావారు భీష్మించుకున్నారు. ఏం చేయను? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ మరిదిగారి మాటే మీకు ఎక్కువ టెన్షన్ పెట్టినట్టుంది. ముందు అది తేల్చుకుందాం. చేతులు కట్టే ఈ పద్ధతిని హ్యాండ్‌ఫాస్టింగ్ అంటారు. పూర్వం స్కాట్లాండ్‌లో అది చేతిలో చెయ్యి వేసి పెళ్ళి మాట ఇచ్చుకోవడమే. ఏడాది కాపురం చేసి నచ్చకపోతే విడిపోవచ్చన్నది తర్వాతి యాత్రికుల రాతల్లో పాకిన కథ. దానికి ఆధారం లేదని ఆంటన్ అనే న్యాయ పండితుడు 1958లోనే చూపించారు. అయినా ఆ కథ నచ్చి ఇప్పటి పేగన్లలో కొందరు అలా ప్రమాణం చేస్తారు, కొందరు జీవితాంతం అంటారు. ఏమని ప్రమాణం చేయాలో జంట ఇష్టం. కాబట్టి అమ్మాయినే అడగండి.

ఎక్కడ చేసుకుంటున్నారో కూడా అడగండి. స్కాట్లాండ్‌లో అధికారం ఉన్న పేగన్ పెద్ద జరిపిస్తే అది చట్టబద్ధమైన పెళ్ళే, ఏ ప్రమాణం చేసినా విడిపోవాలంటే విడాకులు తీసుకోవాల్సిందే. కనీసం 29 రోజుల ముందు రిజిస్ట్రార్‌కు నోటీసు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో అయితే ఈ తంతు ఒక్కటే చట్టానికి చాలదు, రిజిస్ట్రార్ దగ్గర విడిగా పెళ్ళి చేసుకోవాలి.

క్షుద్రపూజలన్నది అపోహ. పేగన్లు ప్రకృతినీ, ఋతువులనూ, పాత యూరప్ దేవతలనూ కొలుస్తారు. ఇప్పుడు చేసే తంతు చాలావరకు 1950ల తర్వాత విక్కా అనే పేగన్ శాఖవాళ్ళ చేతుల్లో రూపుదిద్దుకుంది. నాలుగు దిక్కులనూ పిలిచి, గాలి, నిప్పు, నీరు, నేల సాక్షిగా మణికట్లకు రంగు తాళ్ళు చుడతారు. మనదీ వాళ్ళదీ ఒకటేనని నేననను, వాళ్ళ దేవుళ్ళు వాళ్ళకున్నారు. కానీ అగ్నిసాక్షిగా కొంగుముడి వేయించుకున్న మీరు అందులో భయపడాల్సిందేమీ లేదు.

చీపురు దగ్గర మాత్రం మీ బాధ నాకు అర్థమవుతోంది. లక్ష్మి అని కాలు తగలనివ్వకుండా పెంచిన పిల్ల దాన్ని దాటుతుంటే చూడటం కష్టమే. వాళ్ళ లెక్కలో అది పాతదాన్ని ఊడ్చేసి కొత్త కాపురంలోకి అడుగుపెట్టడం. తప్పనిసరి కాదు, అది లేకుండానూ చేసుకుంటారు. నాకు మనసొప్పడం లేదని అమ్మాయికి చెప్పండి. అరిష్టం అనే మాట మాత్రం నోట రానివ్వకండి. రేపు కాపురంలో ఏ చిన్న కష్టమొచ్చినా ఆ మాటే ఆమెను పట్టి పీడిస్తుంది. ఆమె అయినా దూకుతానంటే దూకనివ్వండి. చేతులకు చుట్టే తాళ్ళలో ఒకటి పసుపు రాసి నేను తెస్తానని అడిగి చూడండి.

తర్వాత ఖమ్మంలో జీలకర్ర బెల్లం పెట్టించాలనుకుంటే ఇద్దరినీ అడిగి సంతోషంగా చేయండి, దోష పరిహారంలా వద్దు.

మీవారితో వాదన పెట్టుకోకండి. ఒక ఆదివారం వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, తంతు మొత్తం ఆ అబ్బాయి చేతే ఆయనకు చెప్పించండి. అప్పటికీ రానంటే మీరొక్కరైనా వెళ్ళండి. వీసాకు టైమ్ పడుతుంది, ఆయన ఒప్పుకునేదాకా ఆగకుండా ఇప్పుడే అప్లై చేయండి.