డైరెక్ట్‌గా డీపీఏ పోస్టుకి వద్దు బ్రదర్

షిప్పులో సెకండ్ ఆఫీసర్‌గా నాలుగేళ్లు చేసి డీపీఏ (డిజిగ్నేటెడ్ పర్సన్ అషోర్, అంటే ఓడల సేఫ్టీ చూసుకునే ఒడ్డునుండే కంపెనీ మనిషి) జాబులకి అప్లై చేస్తే ఎవరూ పిలవట్లేదన్నారు కదా, ఎందుకు పిలుస్తారండీ, అది ఆడిట్లు చేసి తలపండినోళ్లకి ఇచ్చే కుర్చీ. 1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ బో డోర్లు (ముందువైపు తలుపులు) మూయకుండానే బయల్దేరి బోల్తా పడి 193 మంది పోయారు, ఒడ్డున ఆఫీసులో కూర్చున్నోళ్లకీ బాధ్యత ఉండాలని ఆ తర్వాతే ఐఎస్ఎమ్ కోడ్ (ఓడల సేఫ్టీ మేనేజ్‌మెంట్‌కి అంతర్జాతీయ రూల్స్), అందులో ఈ డీపీఏ వచ్చాయి.

ముందు ఐఎస్ఎమ్ ఇంటర్నల్ ఆడిటర్ కోర్సు చేసేసి సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ లెవెల్లో ట్రై చెయ్యండి. సీవీలో సర్టిఫికెట్లు వరసగా పేర్చడం కాదు, పోర్ట్ స్టేట్ కంట్రోల్ వాళ్లు (పోర్టుకొచ్చిన విదేశీ ఓడల్ని తనిఖీ చేసేవాళ్లు) రాసిన డెఫిషియన్సీ (లోపం) ఒకటి తీసుకుని అసలు ఎందుకొచ్చింది, మళ్లీ రాకుండా మీరేం మార్చారు అని నాలుగు లైన్లు రాయండి, నేనైతే ముందు చదివేది అదే. "క్రూకి ట్రైనింగ్ ఇచ్చాం" అని మాత్రం రాయకండి, అందరూ అదే రాస్తారు.