బీచ్‌లో పర్యావరణ పరుగుకు వెళ్లవచ్చా? నా విశాఖ అనుభవం

మడ అడవుల పరిరక్షణ కోసం కాకినాడ బీచ్‌లో వచ్చే నెల 5 కిలోమీటర్ల పరుగు పెడుతున్నారనీ, రుసుము 600 రూపాయలనీ, ఇంతవరకూ మీరు ఎప్పుడూ పరిగెత్తలేదనీ, తొమ్మిదేళ్ల బాబును కూడా వెంట తీసుకువెళ్లాలని ఉందనీ రాశారు. మనం పరిగెత్తితే చెట్టుకు ఏం ఒరుగుతుందని ఇంట్లోవాళ్లు అడిగితే జవాబు చెప్పలేకపోయానని కూడా రాశారు. ఇదే ప్రశ్న నన్నూ ఒక ఏడాదిపాటు వదలలేదు కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను. వెళ్లండి. అయితే డబ్బు కట్టే ముందు నిర్వాహకులకు ఒకసారి ఫోన్ చేసి, ఆ రోజు నీళ్లు దేనిలో ఇస్తారో, పరుగు అయిపోయిన తరువాతి ఆదివారం ఏం చేయబోతున్నారో, ఈ రెండూ అడగండి. ఈ రెండే ఎందుకో నా అనుభవం వింటే మీకు తెలుస్తుంది.

నేను విశాఖపట్నంలో ఒక జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. 2023 జనవరిలో సముద్ర తాబేళ్ల రక్షణ పేరుతో మా ఆర్కే బీచ్‌లో ఒక పరుగు జరిగింది. కాళీమాత గుడి దగ్గర మొదలై, సబ్‌మెరైన్ మ్యూజియం మీదుగా ఉడా పార్కు వైపు వెళ్లి తిరిగి రావాలి. అప్పటికి పదేళ్ల వయసున్న మా అమ్మాయితోనూ, నలుగురు విద్యార్థులతోనూ కలిసి వెళ్లాను. ఇంకా తెల్లవారకముందే ఇసుకలో పెద్ద వేదిక, దాని చుట్టూ ఫ్లడ్‌లైట్లు, చెవులు చిల్లులు పడేంత పాటలు. ప్రారంభ ద్వారానికి రంగు రంగుల బెలూన్లు కట్టారు. పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ పుల్లలకు గుచ్చిన బెలూన్లు ఉన్నాయి. ఆ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల్లో ఉన్నాయన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు, నాకు కూడా ఆ పూట తట్టలేదు. మెడలో పతకం పడినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది, ఆ మాట దాచను.

తిరిగి వచ్చేటప్పుడు చూశాను. దారి పొడవునా నీళ్ల బల్లల దగ్గర తాగి పడేసిన కాగితం కప్పులు గాలికి దొర్లుతూ, రోడ్డు దాటి, గోడ సందుల్లోంచి ఇసుకలోకి దిగిపోతున్నాయి. కాగితం కప్పే కదా, నానిపోతుందిలే అని చాలామంది అనుకుంటారు. నీళ్లు కారకుండా లోపలివైపు పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అది కాగితంలా నానిపోదు, విడిగా తీసి తిరిగి వాడుకోవడమూ తేలిక కాదు. మా అమ్మాయి వంగి ఏరడం మొదలుపెట్టింది, మేమూ ఏరాం. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. రెండు దీపస్తంభాల మధ్య 83 కప్పులు ఉన్నాయి. ఆ రోడ్డు మీద దీపస్తంభాలు ఎన్ని ఉంటాయో మీరు ఊహించుకోవచ్చు.

మేము ఏరుతుండగా, తాబేళ్ల గుడ్లను కాపాడడం కోసం రాత్రిళ్లు తీరం వెంట గస్తీ తిరిగే ఒక మత్స్యకారుడు అటు వచ్చాడు. మా చేతుల్లోని సంచి చూసి ఆగాడు. “రాత్రంతా లైట్లు ఎలిగించీసినారమ్మా, ఒక్కటీ గట్టెక్కనేదు” అన్నాడు. తాబేలు అన్న మాట కూడా వాడలేదు, మాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. మాకు తెలియదు. తాబేళ్ల పేరుతో పరుగెత్తి వచ్చిన ఆరుగురిలో ఒక్కరికి కూడా, అవి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అదేనని తెలియదు.

తరువాత తెలుసుకున్నాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడిశాలోని గహీర్మాతా, రుషికుల్య తీరాలకు వేలకు వేలుగా ఒకేసారి వస్తాయి. మన ఆంధ్ర తీరానికి మాత్రం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట విడివిడిగా వచ్చి, ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్తాయి. తీరం మీద వెలుతురు ఎక్కువగా ఉంటే గట్టెక్కడానికి వెనకాడతాయి. 45 నుంచి 60 రోజుల తరువాత గుడ్లు పగలగొట్టుకుని బయటికి వచ్చే పిల్లలు వెలుగు ఎటు ఉంటే అటు పోతాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం మీదిది. దీపాల తీరంలోనైతే అవి రోడ్డు వైపు నడిచి, కుక్కలకూ కాకులకూ చక్రాలకూ బలైపోతాయి. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జీవి, అంటే పులితో సమానమైన రక్షణ ఉన్నది. మన దగ్గర చలికాలంలో వాతావరణం బాగుంటుందని పరుగులన్నీ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిల్లోనే పెడతారు. వాటి కాలమూ అదే. నిర్వాహకులకు చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనను. అడిగినవాళ్లు లేరు, అంతే.

ఆ ఫిబ్రవరిలో ఒక రాత్రి, అనుమతి తీసుకుని, ఆ గస్తీ బృందం వెంట నడిచే అవకాశం వచ్చింది. టార్చి వేయవద్దన్నారు, ఫోను జేబులోంచి తీయవద్దన్నారు. రెండు గంటలు నడిచినా ఏమీ కనిపించలేదు. వెనక్కు తిరిగే వేళకు, తడి ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక చార కనిపించింది. దాని చివర ఆ తల్లి ఉంది. వెనక కాళ్లతో, ఒకదాని తరువాత ఒకటిగా, మనం గరిటెతో పిండి తీసినంత జాగ్రత్తగా ఇసుక తీసి పక్కన పెడుతోంది. గుడ్లు పెట్టడం పూర్తయ్యాక గోతిని పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఇసుకను దిమ్మిస్ కొట్టినట్టు గట్టిపరిచింది. ఆ దబదబ చప్పుడు కాళ్ల కింద నేలలోంచి మాకు వినిపించింది. నలభై కిలోల జీవి ఒంటరిగా వచ్చి, పని ముగించుకుని, వెనక్కు చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది. కుక్కలు తవ్వేస్తాయని ఆ గుడ్లను తీసి అటవీ శాఖ వారి సంరక్షణ కేంద్రానికి చేర్చారు. ఒక్కొక్కటీ పైకీ కిందకీ తిరగబడకుండా, పెట్టిన తీరులోనే బుట్టలోకి ఎత్తడం చూశాను.

మీ ఇంట్లోవాళ్ల ప్రశ్నకు ఇక్కడ నా జవాబు ఉంది. పరుగు వల్ల తాబేలుకు నేరుగా ఒరిగింది ఏమీ లేదు, పైగా ఆ రాత్రి నష్టమే జరిగింది. కానీ ఆ పరుగుకు వెళ్లకపోయి ఉంటే నేను ఆ మనిషిని కలిసేదాన్ని కాదు, ఆ రాత్రి నడిచేదాన్ని కాదు. ఎంవీపీ కాలనీలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను, రోజూ ఆ సముద్రాన్ని చూస్తూనే ఉన్నాను.

మరుసటి ఏడాది అదే పరుగు పెడుతున్నారని తెలిసి, ముగ్గురం కలిసి నిర్వాహకుల దగ్గరకు వెళ్లాం. తప్పులు ఎత్తిచూపడానికి కాదు, నీళ్ల బాధ్యత మాకు అప్పగించమని అడగడానికి వెళ్లాం. ఒప్పుకున్నారు. టెంట్ హౌస్ నుంచి రెండు వందల స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చాం. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, కడగడానికి రెండు గంగాళాలు, తుడవడానికి పాత పంచెలు సమకూర్చుకున్నాం. మూడు వందల మంది పరిగెత్తారు, ఆ గ్లాసులు సరిపోయాయి. కప్పు అయితే పరిగెడుతూనే తాగి విసిరేస్తారు, గ్లాసు అయితే ఆగి తాగి తిరిగి ఇవ్వాలి. కొందరు మొదట విసుక్కున్నారు. ఇది గడియారంతో పోటీపడే పరుగు కాదని చెబితే ఆగారు, ఆగినవాళ్లు మాట్లాడారు కూడా. పరుగును సూర్యోదయం తరువాతకు జరిపించాం, వేదికను ఇసుక మీద నుంచి రోడ్డు వైపుకు మార్పించాం, బెలూన్లు, ఫ్లెక్సీలు మాన్పించి గుడ్డ బ్యానరు కట్టించాం. టీషర్టు వద్దన్నవాళ్లకు రుసుము తగ్గించమని కూడా అడిగాం గానీ, అప్పటికే కుట్టడానికి ఇచ్చేశారు. ఆ పాలిస్టర్ టీషర్టులు ఇంట్లో ఎన్ని పేరుకుంటాయో పరుగులకు వెళ్లేవారందరికీ తెలుసు. అందుకని మీరు ఫోన్ చేసినప్పుడు ఆ మాట కూడా అడగండి, ఇప్పుడైతే ఇంకా సమయం ఉంది.

రెండో ప్రశ్న, అంటే తరువాతి ఆదివారం సంగతి, నా దృష్టిలో దీనికంటే ముఖ్యం. ఆ ఏడాది గ్లాసు తిరిగి ఇచ్చిన ప్రతి ఒక్కరికీ “వచ్చే ఆదివారం ఆరింటికి ఇక్కడే” అని నోటితో చెప్పాం. మూడు వందల మందిలో 22 మంది వచ్చారు. ఏప్రిల్ నాటికి తొమ్మిది మంది మిగిలాం, ఇప్పటికీ ఆ తొమ్మిది మందిమీ కలుస్తూనే ఉన్నాం. నడుస్తూ, కాస్త పరిగెడుతూ, చెత్త ఏరుతాం. దీన్ని ప్లాగింగ్ అంటారు. 2016లో స్వీడన్‌లో ఎరిక్ ఆల్‌స్ట్రామ్ అనే ఆయన స్టాక్‌హోమ్‌లో మొదలుపెట్టారు. మన దేశంలో 2019 అక్టోబరు 2న ఫిట్ ఇండియా పేరుతో ఊరూరా చేశారు. ఏరినదాన్ని మేము రకాలవారీగా లెక్కపెట్టి రాసుకుంటాం. ఏటా సెప్టెంబరు మూడో శనివారం జరిగే అంతర్జాతీయ తీర శుభ్రత దినాన కూడా ఇలాగే లెక్క రాస్తారు. ఏ చోట ఏ చెత్త ఎక్కువో కాగితం మీద ఉంటే, ఆ చోట బండి పెట్టుకున్న వ్యాపారితోనైనా, వార్డు సచివాలయంలోనైనా కూర్చుని మాట్లాడవచ్చు. ఊరికే “చెత్త ఎక్కువైంది” అంటే ఎవరూ వినరు.

మీ ఊరి సంగతికి వస్తే, మీకు మా కంటే పెద్ద సంపద ఉంది. గోదావరి పాయల మధ్య కోరంగి మడ అడవులు, వాటి ముందు సముద్రపు పోటును అడ్డుకుంటూ హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ ఉన్నాయి. ఆ ఇసుక దిబ్బ మీద కూడా ఈ తాబేళ్లు గుడ్లు పెడతాయి. మడచెట్ల వేర్ల మధ్యే రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరుగుతాయి. బురదలోంచి పైకి పొడుచుకు వచ్చే శ్వాసవేర్లకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుంటే వాటికి గాలి ఆడదు. కనుక మీ నిర్వాహకులు పరుగు తరువాత అటవీ శాఖ అనుమతితో ఆ కవర్లు తీసే పని పెడితే తప్పక వెళ్లండి. మొక్కలు నాటుతామంటే మాత్రం ఎక్కడ, ఏ రకం, ఎవరి సలహాతో అని అడగండి. పోటు నీరు ఎక్కువసేపు నిలిచే చోట నాటిన మడమొక్క బతకదు. ఫొటోలో వెయ్యి మొక్కలు కనిపిస్తాయి, ఏడాది తరువాత ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినవారు తక్కువ.

పరుగు గురించి భయపడవలసింది లేదు. మీకు నెల రోజులు ఉన్నాయి. వారానికి మూడు రోజులు, ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా అరగంట చేయండి. వారం వారం పరుగు పెంచి నడక తగ్గించండి. మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. అరగంట ముందు ఒక గ్లాసు నీళ్లు తాగండి, మీ సీసా మీరే తీసుకువెళ్లండి. బీపీ, షుగరు, గుండె జబ్బు వంటివి ఉంటే ముందుగా డాక్టరును అడగడం మానవద్దు. 5 కిలోమీటర్లూ నడిచినా ఎవరూ ఏమీ అనరు, నాతోపాటు నడిచినవారే ఎక్కువ.

బాబును తప్పక తీసుకువెళ్లండి. మొదటి రెండు వందల మీటర్లు తొక్కిసలాటగా ఉంటుంది కనుక చెయ్యి వదలకండి, వెనక వరుసలో నిలబడండి. మా అమ్మాయిని 2023 మార్చి చివర్లో తెల్లవారుజామున గుడ్ల కేంద్రం దగ్గరకు తీసుకువెళ్లాను. ముట్టుకోకూడదని, ఫొటోకు వెలుగు వేయకూడదని ముందే చెప్పారు. బుట్ట వంచగానే అరచేతిలో సగం ఉన్న నల్లటి పిల్లలు ఇసుక మీద బిలబిలమంటూ నడిచాయి. ఒకటి మాత్రం అడుగు గుంటలో పడి అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయింది. అమ్మాయి నా వైపు చూసింది, నేను గస్తీ అతని వైపు చూశాను, అతను ఆగమన్నట్టు చెయ్యి చూపాడు. అది రెండుసార్లు జారి, మూడోసారి అంచు పట్టుకుని ఎక్కింది. అల వచ్చి దాన్ని తీసుకుపోయేదాకా అమ్మాయి ఊపిరి బిగబట్టుకునే నిలబడింది. ఇంటికి వస్తుండగా, మనం వేసిన అడుగే కదమ్మా ఆ గుంట అని అడిగింది. అవునన్నాను. ఇప్పుడు మా ఆదివారం పనిలో చివరి పది నిమిషాలు తనవి. పిల్లలు కట్టి వదిలేసిన ఇసుక గూళ్లను, మా అడుగు గుంటలను అరికాలితో చదును చేశాకే ఇంటికి బయలుదేరుతుంది.